రోజూ ఉన్న మనిషి

ప్రణవి మొట్టమొదటిసారి లడాఖ్ వెళ్ళొచ్చింది ఒక మంగళవారం మధ్యాహ్నం, పన్నెండుకీ మూడుకీ మధ్యన. ఆ మూడు గంటలూ ఆ పిల్ల కాకినాడ జగన్నాథపురంలో, తమ ఇంటి ముందుగదిలో, కిటికీ పక్క మంచం మీదే ఉంది. మధ్యలో ఒకసారి వాళ్ళమ్మ హైమావతి వచ్చి జారిపోయిన దుప్పటి సర్దింది కూడా.

కళ్ళు తెరవగానే ప్రణవి అన్న మొదటి మాట "చలి". మే నెల ఎండకి గోడలు కూడా సెగలు కక్కుతున్నాయి. హైమావతి జాకెట్టు చెమటకి వీపుకి అంటుకుపోయి ఉంది.

"గాలి ముఖాన్ని కోసేస్తోందమ్మా! ఒక ముసలాయన ఉప్పేసిన టీ ఇచ్చాడు. ముందు ఛీ అనిపించింది. తర్వాత నేనే రెండో గ్లాసు అడిగాను. అరికాళ్ళ కింద గులకరాళ్ళు ఎలా కదులుతాయో తెలుసా నీకు? బూటు ఉన్నా తెలుస్తుంది" అంది ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా.

నేల మీద అడుగేసి పద్నాలుగేళ్ళయిన పిల్ల అరికాళ్ళ సంగతి చెప్తుంటే హైమావతికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ప్రణవికి ఇరవై ఏళ్ళు. పుట్టుకతోనే ఎముకలు పెళుసు. గట్టిగా తుమ్మితే పక్కటెముక చిట్లిన రోజులున్నాయి. ఆరేళ్ళప్పుడు సముద్రం చూపిద్దామని ఆటోలో బయల్దేరదీస్తే, వంతెన దిగగానే గుంటలో పడ్డ కుదుపుకి తొడ ఎముక విరిగింది. ఆ రోజుతో ఆ పిల్ల లోకం ఒక్క గదికి కుంచించుకుపోయింది. మరి అలాంటి పిల్లకి ఊళ్ళు తిరిగే పిచ్చి ఎక్కణ్ణించి పట్టుకుందంటే, వాళ్ళ నాన్న సూర్యారావు దగ్గర్నించి. ఆయన సరుకు ఓడలో వంటవాడు. ఏడాదికోసారి ఇరవై రోజులు ఇంటికొచ్చేవాడు. వస్తూ మొంబాసా అనీ, బుసాన్ అనీ బోలెడు ఊళ్ళ పేర్లు మోసుకొచ్చి కూతురి పక్కన కుప్ప పోసి వెళ్ళేవాడు. మిగిలిన పదకొండు నెలలూ ఆ పేర్లే నెమరేసుకుంటూ గడిపేది ప్రణవి.

ఒళ్ళు తుడవడం, జడెయ్యడం, పక్క మార్చడం, నొప్పొస్తే మాత్రలివ్వడం మాత్రం హైమావతి వంతు. ఇంకో పని కూడా ఉండేది ఆవిడకి. ఆ గది కిటికీ కాస్త ఎత్తు. పడుకున్న మనిషికి ఆకాశం, కరెంటు తీగలూ తప్ప ఏమీ కనపడవు. అందుకని రోజూ సాయంత్రం నాలుగింటికి కిటికీ దగ్గర స్టూలేసుకుని కూచుని, కూతురికి వీధి చెప్పేది. చేపల మాణిక్యం గంప ఖాళీగా వస్తోందంటే ఇవాళ బేరం బాగా జరిగినట్టే అని చెప్పేది. ఎదురింటాయన గొడుగు మర్చిపోయి మళ్ళీ వెనక్కొస్తున్నాడు, ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది, అయిపోయాడు ఇవాళ అని చెప్పేది. పద్నాలుగేళ్ళ పాటు ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు.

ఊరి చివర, సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక పరిశోధనశాల ఉంది. అక్కడి పెద్ద డాక్టర్ కామేశ్వరి. మంచం దిగలేని వాళ్ళకి ప్రయాణాలు పంచిపెట్టే పని పెట్టుకుందావిడ. ఒక మనిషి నెత్తిన రాగి తీగెలల్లిన టోపీ పెట్టుకుని, భుజాన చిన్న సంచీ తగిలించుకుని కొండలూ ఊళ్ళూ తిరిగొస్తాడు. అతను చూసిందీ విన్నదీ, నాలిక్కి తగిలిందీ, కాలికి గుచ్చుకుందీ అంతా ఆ సంచీలోకి చేరుతుంది. ల్యాబులో దాన్ని మూట అనేవారు. తర్వాత ఆ మూటని ఇంకొకరికి, నిద్రలో ఉండగా, మూడు గంటల్లో విప్పుతారు. లేచాక వాళ్ళకది విన్న కథలా ఉండదు, తాము వెళ్ళొచ్చినట్టే ఉంటుంది. ప్రణవి వాళ్ళింటికి యంత్రమే బండిలో వచ్చేది, ఎస్తేరు అనే నర్సు వెంట.

తిరిగొచ్చే మనిషిని బాటసారి అనేవారు. లడాఖ్ మోసుకొచ్చిన బాటసారి మస్తాన్ వలిది గుంటూరు దగ్గర పల్లె. ఒకసారి ఎస్తేరుతో పాటు అతనూ వచ్చి, ప్రణవితో గంటసేపు కూచున్నాడు. ఇద్దరూ కలిసి వెళ్ళొచ్చినవాళ్ళలాగే మాట్లాడుకున్నారు.

"అక్కడ మీకు మోకాలు కొట్టుకుంది కదండీ, మెట్ల దగ్గర?" అంది ప్రణవి.

"అయ్యో, అది కూడా వచ్చిందా! క్షమించమ్మా, ఈసారి చూసుకుని నడుస్తా" అన్నాడతను సిగ్గుపడుతూ.

హైమావతి కాఫీ ఇస్తూ అడిగింది. "ఇంట్లోవాళ్ళని వదిలేసి అన్నాళ్ళు తిరుగుతారు కదా బాబూ, బెంగ ఉండదూ?"

"టోపీ పెట్టుకుంటే ఇల్లు తలుచుకోకూడదక్కా. అది మాకు మొదటి పాఠం. ఆరు నెలలు అదే నేర్పిస్తారు. మన బెంగ మూటలో పడితే తీసుకునేవాళ్ళు ఇబ్బంది పడతారని. అలాగే వెనక్కి తిరగగానే టోపీ తీసేస్తాం. తిరుగుదారి ఎవరికి కావాలి?"

అతను చెప్పింది సబబుగానే తోచింది హైమావతికి.

లడాఖ్ తర్వాత కేరళ పడవలు. ఆ తర్వాత కచ్ ఉప్పు ఎడారి. కచ్ నించి వచ్చిన మర్నాడు నాలుగింటికి హైమావతి ఎప్పట్లాగే స్టూలు జరుపుకుని కూచుంది. "మాణిక్యం ఇవాళ ఇంకా రాలేదే. ఆ చివరింటి కుర్రాడు సైకిలుకి గాలి కొట్టుకుంటున్నాడు..."

ప్రణవి కాసేపు విని, మెల్లగా అడిగింది. "ఎందుకమ్మా ఇవన్నీ నాకు చెప్తున్నావు?"

ఆ గొంతులో చిరాకు లేదు. నిజంగా తెలియకే అడిగింది.  "ఊరికేనే" అని లేచి, హైమావతి స్టూలు వంటింట్లో పెట్టేసింది.

వారానికోసారి ల్యాబుకి ఒక కాగితం నింపి పంపాలి. అందులో ఏడో ప్రశ్న, మరుపు ఏమైనా గమనించారా అని. హైమావతి పెన్ను పట్టుకుని చాలాసేపు కూచుంది. గమనించాను అని రాస్తే ఆపేస్తారు. పక్కగదిలో పిల్ల ఎడారిలో విన్న పాటేదో కూనిరాగం తీస్తోంది. ఇరవై ఏళ్ళలో ఆ పిల్ల అంత హాయిగా ఉండగా హైమావతి ఎన్నడూ చూడలేదు. ఒక్క అలవాటే కదా మర్చిపోయింది, పోనిద్దూ, అనుకుంది. లేదు అని రాసింది.

ఆ తర్వాత వారమూ లేదనే రాసింది. నాలుగో మూట తర్వాత, తనకి నొప్పొచ్చినప్పుడల్లా అమ్మ తన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు లెక్కపెట్టేదన్న సంగతి ప్రణవికి గుర్తులేదు. ఐదో మూట తర్వాత, వంటింట్లోంచి వచ్చే చప్పుళ్ళని బట్టి ఎప్పట్లా ఏం కూరో చెప్పడం రాలేదు. కాగితం మీద మాత్రం ప్రతిసారీ లేదు అనే ఉండేది. ఆవిడకి తెలియక కాదు. పిల్ల ముఖంలో వెలుగు చూసి, దానికి బదులుగా ఏం పోతే ఏం అని మొండికేసింది. పోతున్నది తనేనని ఆవిడకి ఇంకా తట్టలేదు.

ఆరో మూట వియత్నాంలో ఒక నది మీద సంత. మూడింటికి ప్రణవి కళ్ళు తెరిచింది. హైమావతి ఆత్రంగా వంగి, "ఎలా ఉందే?" అంది.

ప్రణవి మర్యాదగా నవ్వింది. "బాగుందండీ. కాసిని మంచినీళ్ళిస్తారా సిస్టర్?"

హైమావతి వెనక్కి చూసింది. ఎస్తేరు లేదు, బండి దగ్గరకి వెళ్ళింది. గదిలో ఉన్నది తనొక్కతే.

అదే సాయంత్రం ఓడ మీంచి సూర్యారావు ఫోన్ చేశాడు. "నాన్నా!" అని కేక పెట్టింది ప్రణవి. నది మీద పడవల్లో పళ్ళమ్మే ఆడవాళ్ళ గురించి అరగంట చెప్పింది. చివర్లో గొంతు తగ్గించి, "ఇక్కడొకావిడ ఉన్నారు నాన్నా, చాలా మంచావిడ. ఏడుస్తున్నారు, ఎందుకో అడగనా?" అంది.

మర్నాడు ల్యాబులో డాక్టర్ కామేశ్వరి ఎదుట కూచుని, ఏడో ప్రశ్నకి తను ఆడిన అబద్ధాలన్నీ చెప్పేసింది హైమావతి. కామేశ్వరి కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టింది. యాభై ఐదేళ్ళ మనిషి, ఒక్కసారిగా ఇంకో పదేళ్ళు మీద పడ్డట్టు కనపడింది.

"మీరు రాయకపోతే మటుకు, నేనొచ్చి చూసుకోవద్దూ? ఆ పిల్ల నవ్వుతుంటే ఎస్తేరు తీసిన వీడియోలు చూసి నేనూ మురిసిపోయాను" అంది.

"నాన్నని గుర్తుపట్టిందండీ. ఏడాదికోసారి వచ్చే మనిషిని గుర్తుపట్టింది. నేనేం చేశానని నన్ను..." అంది హైమావతి.

"మీరు రోజూ ఉన్నారు. అదే వచ్చిన చిక్కు" అంది కామేశ్వరి. ఆవిడ టేబులు మీదున్న కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. "ఒకేలా గడిచిన రోజుల్ని మెదడు విడివిడిగా దాచుకోదమ్మా. ఇలా ఒక దొంతరగా కట్టి ఒక్క చోట పెడుతుంది. బయటినించి కొత్త మూట వచ్చి పడితే చోటు కావాలి. అరుదైనవి ముట్టుకోదు. ఈ దొంతరే తీసేస్తుంది. మీ ఆయన వచ్చిన ఇరవై రోజులూ దేనికది వేరు. మీవి మూడొందల అరవై అయిదూ ఒక్కటే."  "మా మామ్మ కాశీ వెళ్ళి, తనకెంతో ఇష్టమైన పనసపండు వదిలేసొచ్చింది. కానీ ఏం వదలాలో తనే ఎంచుకుంది. మేము ఈ పిల్లకి ఆ అవకాశం కూడా ఇవ్వలేదు."

"మళ్ళీ వస్తాయా అండీ?"

"రావు" అంది కామేశ్వరి. ఆ రోజే ప్రయోగం ఆపించేసింది.

హైమావతి నీ తల్లి అని ఎస్తేరూ, ఫోన్లో నాన్నా, ఇద్దరూ చెప్పారు. ప్రణవి కాదనలేదు. ఫొటోలు చూసింది, తలూపింది. "అమ్మగారూ" అని పిలవడం మొదలుపెట్టింది. చెప్తే నమ్మడం వేరు, ఎరిగి ఉండడం వేరు. ఒళ్ళు తుడుస్తున్నప్పుడు బిగుసుకుపోయేది. పద్నాలుగేళ్ళుగా ఏ సిగ్గూ లేకుండా అప్పగించిన ఒంటిని ఇప్పుడు దుప్పటి చాటునుంచి తీసేది కాదు. "మీకు శ్రమ" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా హైమావతి బకెట్టు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది, అక్కడ కుళాయి తిప్పి వదిలేసి ఏడ్చేది.

పోనీ పిల్లయినా సుఖంగా ఉందా అంటే, అదీ లేదు. మునుపటిలా ఊళ్ళ కబుర్లు చెప్పడం మానేసింది. ఒక మధ్యాహ్నం అన్నం తినిపిస్తుంటే తనే అంది.

"ఇన్ని చోట్లున్నాను కదండీ. ఎక్కడికీ వెళ్ళినట్టు లేదు."

"అదేంటమ్మా?"

"వెళ్ళడమంటే ఒక చోటి నించి వెళ్ళాలి కదా. నాకు ఆ చోటు దొరకట్లేదు. కొండ మీదుంటాను, పడవలో ఉంటాను, ఎడారిలో ఉంటాను. ఎవరూ ఎదురు చూడరు. ఎక్కడికీ తిరిగి రాను. భయమేస్తోందండీ" అంటూ ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. "మా ఇల్లు ఇదేనని మీరంతా చెప్తున్నారు కాబట్టి ఇదే అయ్యుంటుంది."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది హైమావతికి. మర్నాడే ల్యాబుకి వెళ్ళింది.

"ఇంకొక్క మూట కావాలండీ. నేను నడుస్తాను" అంది.

"పిచ్చా మీకు? ఆపేశామని చెప్పానుగా" అంది కామేశ్వరి.

"ఇంకా పోవడానికి దాని దగ్గర ఏముందండీ? నేనెలాగూ పోయాను. ఇల్లొకటి ఉందని దానికి తెలియాలి. మస్తాన్ తిరుగుదారి మోసుకురాడు. నేను మోసుకొస్తాను. ఎక్కడికో ఒక చోటికి వెళ్ళి, మా గుమ్మంలోకి వచ్చేదాకా టోపీ తియ్యను. మా గది, మా మంచం, అన్నీ పడతాయి."

"మీరు అన్నీ చూపించగలరు హైమావతిగారూ. మిమ్మల్ని మాత్రం చూపించలేరు. మూటలో మోసినవాళ్ళ ముఖం ఉండదు. పైగా మీకు శిక్షణ లేదు, ఇల్లు తలచుకోకుండా పది నిమిషాలుండలేరు."

"ఉండలేను. అందుకేనండీ నేను వెళ్తానంటున్నది."

వారం రోజులు వాదించుకున్నారు. ప్రణవిని అడిగితే, "తిరిగి రావడం ఎలా ఉంటుందో చూస్తానండీ" అంది. కామేశ్వరి చివరికి ఒప్పుకుంది. తను చేసిన తప్పుకి ఏదో ఒక దిద్దుబాటు దొరక్కపోతుందా అని ఆవిడకీ లోలోపల ఆశే.

నిజం చెప్పాలంటే, ఆ ఇంట్లో ప్రయాణాల ఆశ ప్రణవి ఒక్కదానిదే కాదు. పెళ్ళికి ముందు హైమావతికి మారేడుమిల్లి అడవులు చూడాలని ఉండేది. స్నేహితురాళ్ళంతా కాలేజీ బస్సులో వెళ్తే, జ్వరమొచ్చి ఆగిపోయింది. తర్వాత పెళ్ళి, తర్వాత ప్రణవి. నాలుగ్గంటల దారి, ఇరవై అయిదేళ్ళయినా వెళ్ళలేకపోయింది. ఎక్కడికి వెళ్తారని మస్తాన్ అడిగితే ఆవిడ నోట్లోంచి ఆ పేరే వచ్చింది.

ప్రణవిని ఎస్తేరుకి అప్పగించి, పొద్దున్నే బస్సెక్కారు హైమావతీ, మస్తానూ. ఆవిడ తలమీద టోపీ, దానిమీద కొంగు. రాజానగరం దాటేలోపే హైమావతి ఎస్తేరుకి మూడుసార్లు ఫోన్ చేసింది. మస్తాన్ తల పట్టుకున్నాడు. "అక్కా, బయటకి చూడండక్కా. పొలాలు చూడండి."

చూసింది. రంపచోడవరం దాటాక దారి మెలికలు తిరిగింది, చెట్లు రెండు వైపులా దగ్గరకొచ్చాయి. చల్లటి పచ్చి వాసన కిటికీలోంచి కొట్టింది. మారేడుమిల్లిలో దిగి, వాగు దాకా నడిచారు. బండరాళ్ళ మీంచి నీళ్ళు నురగలు కక్కుతూ పడుతున్నాయి. చీర కాస్త ఎత్తి పట్టుకుని ఆవిడ నీళ్ళలో కాళ్ళు పెట్టింది. మోకాళ్ళు సలుపుతున్నా ఒళ్ళంతా ఝల్లుమంది. చిన్నపిల్లలా నవ్వేసింది. ఇంత అందం ఇంత దగ్గరలో పెట్టుకుని, ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదా అనుకుంది. అనుకున్న మరుక్షణం, అక్కడ పిల్ల అన్నం తిందో లేదో అనుకుంది. ఆ తర్వాత ఇక నీళ్ళు కనపడలేదు. కళ్ళ ముందున్నది వాగే, మనసులో ఉన్నది ముందుగది మంచం. ఇంత దూరం వస్తేనే గానీ ఆ మంచం ఎంత లాగుతుందో తెలియలేదు ఆవిడకి. వెళ్ళాలని ఇరవై అయిదేళ్ళు ఏడ్చిన చోట నిలబడి, ఇంటికెళ్ళాలని ఏడ్చింది.

"పోదాం బాబూ" అంది.

రాత్రి అక్కడే ఉండాలనుకున్నవాళ్ళు మధ్యాహ్నం బస్సుకే వెనక్కి తిరిగారు. ఆ నాలుగ్గంటలూ ఆవిడ సీటు అంచునే కూచుంది. సాయంత్రం ఎండ పల్చబడుతుండగా జగన్నాథపురం వంతెన దాటారు. వీధి మలుపులో ఆవిడ దాదాపు పరుగెత్తింది. చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోకి వచ్చి ఆగింది. ప్రణవి నిద్రపోతోంది. బుగ్గ మీద జుట్టు పడి ఉంది. అయినా తనని చూస్తే బిగుసుకుపోయే పిల్ల కదా అని జుట్టు సర్దలేదు. ఊరికే చూస్తూ నిలబడింది. మస్తాన్ వచ్చి మెల్లగా టోపీ తీశాడు.

నాలుగు రోజుల తర్వాత ఆ మూట విప్పారు. ఈసారి కామేశ్వరి కూడా వచ్చి మంచం పక్కన కూచుంది. అందరి చూపూ ఆ పిల్ల ముఖం మీదే. రెండో గంటలో ప్రణవి నిద్రలోనే నవ్వింది. కాసేపటికి కళ్ళ చివర్లనించి నీళ్ళు కారాయి. అంతకు ముందు ఏ మూటకీ ఆ పిల్ల ఏడవలేదు. హైమావతి రెండు చేతులూ జోడించి నిలబడిపోయింది.

మూడింటికి ప్రణవి కళ్ళు తెరిచింది. చుట్టూ చూసింది. చూపు హైమావతి మీద ఆగింది, ఆగి అలాగే దాటిపోయింది.

"ఇంటికెళ్ళాలి" అంది.

"ఇదే మన ఇల్లమ్మా, ప్రణవీ" అంది కామేశ్వరి.

"కాదండీ, మా అమ్మాయి ఉందక్కడ. ఒక్కతే ఉంది. నేనిలా పడుకుంటే ఎలా?" లేవబోయింది. లేవలేక, కాళ్ళవైపు వింతగా చూసుకుంది. "మోకాళ్ళు సలిపేస్తున్నాయి. బస్సు ఎంతకీ కదలదేంటండీ... అది మంచం దిగలేదు. ఎముకలు పెళుసు. జుట్టు ముఖం మీద పడితే తీసేవాళ్ళుండరు."

కామేశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎస్తేరు గోడవైపు తిరిగిపోయింది. ఆ పిల్ల కోసం పడ్డ బెంగంతా ఆ పిల్లకే చేరింది. ఎవరు పడ్డారో మాత్రం చేరలేదు.

ప్రణవి హైమావతి చెయ్యి పట్టుకుంది. ఆ నెలన్నరలో ఆ పిల్ల తనంతట తాను ఆవిణ్ణి ముట్టుకోవడం అదే మొదటిసారి.

"మీరు కాస్త వెళ్ళి చూస్తారా అండీ? మీరు మంచివారు."

 నేనే, నేనే నీ అమ్మని, ఆ పిల్లవి నువ్వే, అని అరవాలనిపించింది హైమావతికి. అరిస్తే ఈ చెయ్యి వదిలేస్తుంది. "చూస్తానమ్మా" అంది.

"అన్నం తిందో లేదో కనుక్కోండి. ఆకలేస్తోందా అంటే లేదనే అంటుంది. అమ్మకి శ్రమని అలా అంటుంది. నమ్మకండి. రెండోసారి అడగండి, అప్పుడు నిజం చెప్తుంది."

"సరేనమ్మా."

మాట తీసుకున్నాక ప్రణవి ఊపిరి నెమ్మదించింది. చెయ్యి మాత్రం వదల్లేదు. కామేశ్వరీ, ఎస్తేరూ చప్పుడు చేయకుండా యంత్రం సర్దుకుని వెళ్ళిపోయారు. పొద్దుటినించీ ఆ పిల్ల ఏమీ తినలేదన్న సంగతి హైమావతికి అప్పుడు గుర్తొచ్చింది.

"ఆకలేస్తోందా అమ్మా?" అంది.

"లేదండీ" అంది ప్రణవి.

హైమావతి కళ్ళు తుడుచుకుని, మంచం దగ్గరకి ఇంకాస్త జరిగి, రెండోసారి అడిగింది.